నల్ల కప్పులు

మే 14, ఆదివారం

మరిదిగారికి,

వదిన దీవెనలు. మేమిక్కడ కులాసా. మీ ఆరోగ్యం గురించి అడగను. ఇంట్లో అంత జోరుగా చెయ్యి ఆడే మనిషికి అనారోగ్యం ఏముంటుంది?

మీరడిగిన కప్పులు వచ్చాయి. ఆన్‌లైన్‌లో ఫోటోలు పెట్టి ఇలాంటివి చేయించడంలో మీ తర్వాతే ఎవరైనా వదినా, పెళ్లిరోజున ఆఫీసులో అందరికీ మా జంట ఫోటో కప్పులు పంచాలి అని ఎంత ముద్దుగా అడిగారు! ఫోటోలో మా చెల్లి కనుబొమ మీది మచ్చ చెరిపించమని కూడా మరిచిపోకుండా చెప్పారు. ఆ మచ్చ ఎలా పడిందో మరిచిపోయారు కాబోలు, నేను గుర్తు చేస్తాను.

మొదటి పెళ్లిరోజుకి మీరే ఒక కప్పు చేయించారు. ఇద్దరి నవ్వు ముఖాలు, కింద ‘నా ప్రాణం’ అని రాత. టీ చల్లారిందని ఆ కప్పే దాని మొహాన విసిరారు. పెంకు కనుబొమలో దిగి కళ్లలోకి రక్తం కారుతుంటే, ముందు నేల తుడవమన్నారట. అలమర తలుపు తగిలిందని డాక్టరుకి చెప్పిందీ మీరే.

తర్వాత పుట్టినరోజుకి దాని ఫోటోతో దిండు. ఆ దిండునే దాని మొహం మీద పెట్టి మోకాలితో అదిమారు. అక్కా, నా మొహమే నన్ను చంపడానికి వచ్చిందే అని అది చెప్తుంటే నా ఒళ్లు మండిపోయింది. ఆ క్షణాన మీరు ఎదురుగా ఉంటే చేతిలోని ఇనుప పెనంతో మీ బుర్ర బద్దలు కొట్టేదాన్ని. ఒట్టు!

కిందటి నెల పక్కటెముక విరగ్గొట్టారు. పీక పట్టుకుని, పో, బయట చెప్పుకో, నిన్నెవరు నమ్ముతారు అన్నారు. అదీ నిజమే. ఆఫీసులో మీరు బంగారం, చీమకైనా హాని తలపెట్టని మనిషి. పైన పటారం, లోన లొటారం. ఇంకోసారి ఆ దిండు దాని మొహం మీంచి తీయడం మీకు ఆలస్యమైతే నా చెల్లెలు ఉండదు. అందుకే నడుం పట్టేసింది, సాయానికి దాన్ని పంపండి అని మీకు ఫోన్ చేశాను. నా నడుముకి ఏ రోగమూ లేదు.

కప్పులు నల్లవంటే, ఫోటో ఏది వదినా అని కంగారుపడ్డారు. వేడిగా ఏదైనా పోస్తే నలుపు పోయి బొమ్మ తేలుతుంది, ముందు ఇంట్లో ఒకటి పోసి చూసుకోండి అన్నాను. టీ పెట్టడానికి మీ చెల్లి ఇంట్లో లేదు కదా, ఆఫీసులోనే చూస్తాలెండి అన్నారు. సరే మీ ఇష్టం అన్నాను.

ఇట్లు,
మీ మంచి ఏనాడూ కోరబోని
వదిన

తా.క.: ఈ ఉత్తరం అట్టపెట్టె అడుగున, మీ కప్పు కింద పెట్టాను. ఇది మీ చేతికి దొరికేసరికి మిగతావన్నీ పంచేసి ఉంటారు. మీరు పంపిన ఫోటో వేయించలేదు. ఎముక విరిగిన రోజు ఆసుపత్రిలో నేను తీసిన ఫోటో వేయించాం. వాచిన కళ్లు, చీలిన పెదవి, మెడ మీద మీ వేళ్ల గుర్తులు, అన్నీ బాగా పడ్డాయి. ఆ ఫోటో ఎంచుకున్నదీ, కింద ‘మా ఆయన కానుక’ అని రాయించిందీ మీ ఆవిడే. పోలీసుల దగ్గరికి కూడా ఒక కప్పు తనే పట్టుకెళ్లింది. పక్క బల్లల మీద ఈపాటికి టీలు పోసుకుంటూ ఉంటారు. మీరూ పోసుకోండి. ఇక నుంచి నీళ్లు మీరే కాచుకోవాలి.