బండి వెనక నా ఎడమకాలి బూటు

ప్రేమదాసూ,

నేను ఒంగోలు వెళుతున్నాను. మిరపకాయల టిక్కీ బస్తాలను వాన పడకముందే గుంటూరు యార్డుకు చేర్చవలసిన బాధ్యత నీది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరులో నీళ్ళు చూడు, వేడెక్కాక మూత తీయకు. టైర్లలో గాలి పరీక్షించు. టిక్కీలు ఎత్తిన చేతులను సబ్బుతో కడుక్కోనిదే స్టీరింగు పట్టుకోకు. ఆ చేత్తో కన్ను నలుపుకున్నవాడికి రోడ్డు కనిపించదు.

ఇక బూటు విషయం. బండికి దిష్టి తగలకూడదని నువ్వు వెనక వేలాడదీసినది నా ఎడమకాలి బూటు. మూఢనమ్మకాల మీద ఉపన్యసించడానికి బయలుదేరుతూ దానికోసం ఇల్లంతా గాలించాను. "ఎడమదే ఎందుకు తీశాడు?" అని మీ అక్కను అడిగాను. "మీరు ముందు కుడిదే తొడుక్కుంటారు కదండీ, అది తీస్తే వెంటనే దొరికిపోతానన్నాడు" అని నవ్వింది.

పైగా అది సరిగ్గా బ్రేకు దీపానికి అడ్డంగా వేలాడుతోంది. వెనకవాడి దిష్టి సంగతి నాకు తెలియదు గాని, వెనకవాడి లారీ తగలడం మాత్రం ఖాయం. అందుకే విప్పి తొడుక్కున్నాను. డీజిల్ కంపు కొడుతోంది. సభలో ముందు వరుసవారు నన్ను క్షమించాలి.

మీ బావ,
సంజీవరావు

తా.క. బూటు లేని బండిని గేటు దాటనివ్వనని మీ అక్క తాళంచెవి కొంగున ముడివేసుకుని కూర్చుంది. మబ్బు పడుతోంది. కాయ తడిస్తే మన ఏడాది కష్టం బూజుపాలవుతుంది. అందువల్ల నా పాత హవాయి చెప్పును, దీపానికి జానెడు దూరంగా, నేనే కట్టాను. దీనిని గృహశాంతికై చేసిన రాజీగా మాత్రమే భావించు. ఎవరైనా అడిగితే కడిగి ఆరవేశామని చెప్పు.