ఫరవాలేదు అన్న మాట

తమ్ముడు టౌనోకి,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరదలు ఐరా దగ్గు ఎలా ఉంది? మీ పెద్దాడు మంచు మీద జారిపడ్డాడని విన్నప్పటినుంచి నా ప్రాణం ప్రాణంలో లేదు. ఇక నా కోపం విను.

బడిపిల్లల వ్యాపార పోటీకి తీర్పరివై కూర్చున్నావు. నా మనవరాలు హిల్లా తను చేసిన, బూట్ల లోపల పాదం కింద వేసుకునే ఉన్ని అట్టల గురించి చక్కగానే చెప్పిందట. "ఇవి ఎంత గొప్పవమ్మా?" అని నువ్వడిగితే "ఫరవాలేదండీ" అందట. అందరూ నవ్వారట. నువ్వేమో "తన సరుకు మీద తనకే నమ్మకం లేదు" అని రాసిచ్చావు. ఇప్పుడది అట్టలన్నీ పొయ్యిలో పడేస్తానని, ఇక నలుగురిలో నోరు తెరవనని కూర్చుంది.

సిగ్గు లేదురా నీకు? మన రొట్టెను మనం పొగడకూడదని అమ్మ ఇద్దరికీ గరిటెతో కొట్టి నేర్పలేదూ? మన ఫిన్లాండ్ వాళ్ళ నోట అంతకు మించిన మెప్పు ఎప్పుడైనా విన్నావా? ఐరాని చూసొచ్చి నువ్వేమన్నావు? "పిల్ల ఫరవాలేదే అక్కా" అన్నావు. నలభై ఏడేళ్ళుగా కాపురం చేస్తున్నావు!

పొయ్యి పాలు కాకుండా దాచిన జత ఒకటి పంపుతున్నాను. తడి మేజోళ్ళతో వేసుకోకు, జలుబు చేస్తుంది. వాటితోనే నడిచొచ్చి, పిల్ల ఎదుట నీ నోటితో ఆ మాటే అను. కాఫీ పెట్టి ఉంచుతాను. మే పన్నెండు, ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి రా.

అక్క