పుట్ట నమూనా షెడ్డులో చేరిన పాము

చాట్రాయి,
ది. 11-5-1987

మామిడి నిల్వ ప్రయోగ పథకం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా తోటలో పథకం వారు కట్టించిన నమూనా షెడ్డు అడుగు కన్నాలకు ఇనుప వల కొట్టించుట, లేదా వాటిని మూసుకొనుటకు అనుమతి ఇచ్చుట గురించి.

1. కిందటేడు తమ పథకం వారు మా వైపు తోటలన్నీ తిరిగి, ఏ జీవి ఎక్కడ ఉంటుంది, గూడు ఎలా కడుతుంది, ఎండకు ఎలా తట్టుకుంటుంది అని అడిగి ఒక్కో జీవికి ఒక్కో కార్డు రాసుకున్నారు. ఇంజనీరు సువర్ణరాజు గారు ఆ కార్డులన్నీ చదివి, చెదపుట్ట కార్డు ఏరి, కరెంటు లేకుండా కాయను చల్లగా ఉంచే షెడ్డుకు అదే సరైన నమూనా అన్నారు. నేను స్థలం ఇచ్చాను.

2. షెడ్డు బాగుంది. ఆ విషయంలో ఫిర్యాదు లేదు. మందపాటి మట్టి గోడలు, అడుగున కన్నాలు, పైన గొట్టం. ఈ ఎండల్లో కూడా లోపలికి వెళితే ఒళ్లు చల్లబడుతుంది. చిన్నరసాలు గడ్డిలో పరిచాం.

3. మొన్న మంగళవారం అడుగు కన్నంలోంచి నాగుపాము లోపలికి పోవడం నా భార్య గోవిందమ్మ చూసింది. తోటలో పాములున్న సంగతి కూడా కార్డుల్లో ఉంది. పాముది వేరే కార్డు. రెండూ పక్కపక్కన పెట్టి ఇంజనీరు గారూ చూడలేదు, మాకూ తోచలేదు. మా అమ్మ తులసమ్మ మాత్రం నవ్వింది. "పుట్ట కట్టి పాము రావద్దంటే ఎట్టారా? మీ ప్లాను సంగతి దానికేం తెలుసు?" అంది.

4. అంతటితో ఆగక ఆమె ఆ కన్నానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పాలు పోసింది. అది చూసి ఊరి ఆడవాళ్లూ పోస్తున్నారు. పసుపు రాసిన కన్నం మూయడానికి కూలీలు ఒక్కరూ రావడం లేదు. "మాకూ పిల్లలున్నారండీ" అంటున్నారు. షెడ్డులోకి రావడమే మానేశారు.

5. సువర్ణరాజు గారికి చెబితే, "కన్నాలు మూస్తే గాలి ఆడదండీ, చేసిందంతా పాడైపోతుంది. సీజను అయ్యేదాకా ముట్టుకోవద్దు" అన్నారు. నేను సంతకం పెట్టిన ఒప్పందంలో ఉన్నదీ అదే.

6. మెత్తబడిన కాయ రోజూ ఏరెయ్యకపోతే పక్క కాయ కుళ్లుతుంది. ఏరాలంటే గడ్డిలో చెయ్యి పెట్టాలి. గోవిందమ్మే వెళుతోంది. కర్రతో గడ్డి తట్టి, కాసేపు ఆగి, చెయ్యి పెడుతుంది. లోపల పగలే చీకటి కనుక నేను గుమ్మంలో లాంతరు పట్టుకుని నిలబడతాను. "మీరు వణక్కండి. నీడలు కదిలితే నాకు భయమేస్తోంది" అంటుంది. అయ్యా, వణకకుండా ఉండడం నా చేతుల్లో లేదు.

7. కరిస్తే నూజివీడు ఆసుపత్రికి తీసుకుపోవాలి. మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్లీ సాయంత్రమే.

కావున వల కొట్టే మనిషిని గానీ, మూసుకోమని ఒక్క ముక్క రాసిన కాగితం గానీ తక్షణం పంపించగలందులకు ప్రార్థన.

తమ విధేయుడు,
బసవపున్నారావు,
మామిడి రైతు

తా.క.: ఇది పోస్టు చేయకముందే గడ్డిలో కుబుసం దొరికింది. గోవిందమ్మ చేతికే తగిలింది. కన్నాలన్నీ నేనే మట్టితో మూసేశాను, పసుపు రాసిన దానితో సహా. ఒప్పందం తప్పినందుకు తమరు ఏ చర్య తీసుకున్నా సరే. మూసేటప్పుడు అది లోపల ఉందో బయట ఉందో చూసుకోలేదు. తలుపుకు తాళం వేశాను. కాయ మాగిన వాసన ఇంటిదాకా వస్తోంది. తాళంచెవి ఇమ్మని గోవిందమ్మ అడుగుతోంది.