ఫీజు కట్టి మార్చుకున్న గొంతు

నాయినా,

నిన్ననే నీ సంవత్సరీకం అయింది. ఇవాళ నేను టీవీ ఛానెల్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను.

మీర్‌పేట్ జాగా అమ్మి నువ్వు నన్ను దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో టీవీ జర్నలిజం డిగ్రీకి చేర్చావు. "నువ్వు వార్తలు చదువు బిడ్డా, జాగా మళ్ల కొనుక్కుందాం" అన్నావు. నేను 'ఒస్తున్న' అంటే, సారు 'వస్తున్నాను' అని పదిసార్లు అనిపించేవాడు. ఆ మాటల నునుపు నాకు నిజంగానే నచ్చింది. మూడేళ్లు ఇంట్లో కూడా అలాగే మాట్లాడి సాధన చేశాను.

తెలంగాణ ఉద్యమం వచ్చాక ఛానెళ్లకు మన మాట కావాల్సి వచ్చింది. ఇవాళ ధర్నా వార్త ఒకటి ఇచ్చి, తెలంగాణ యాసలో చెప్పమన్నారు. చెప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నవ్వాడు.

"మీది విజయవాడనా అమ్మా?"

"నల్లగొండ దగ్గర సార్."

"మరి గిదేంది? యాస కిరాయికి తెచ్చుకున్నట్టున్నవు."

నా తర్వాత వచ్చిన అమ్మాయి ఈ చదువేదీ చదవలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. ఉద్యోగం ఆమెకిచ్చారు. నీ జాగా డబ్బు ఖర్చుపెట్టి నేను మూడేళ్లు నేర్చుకున్నది ఈ కొలువుకు పనికిరాకుండా పోయింది.

ఎల్బీ నగర్‌లో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నరు బిడ్డా?"

"ఎంపిక కాలేదమ్మా."

"నాతోని గూడ వార్తలు చదువుతవేందే?"

ఆమెకు మన మాటలో జవాబు చెప్పాలనుకున్నాను నాయినా. ముందు మనసులో అనువాదం చేసుకోవాల్సి వచ్చింది.