మరియమ్మత్తకు చెప్పని మాట

జూలై 4, శుక్రవారం

మట్టి నింపే మిషన్ సోమవారం వస్తుంది. మా నర్సరీ షెడ్డులో మొక్కల కవర్లు నింపే పద్నాలుగు మంది ఆడవాళ్ళలో ఇక నలుగురు చాలు. మిగిలిన పది మంది పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను, సోమవారం నుంచి రానక్కర్లేదని. మొదటి పేరు మరియమ్మత్తది. హాజరు పుస్తకంలో ఎప్పుడూ ఆమెదే మొదటిది.

పంపి, ఫోన్ బోర్లా పెట్టాను.

జూలై 5, శనివారం

రాజమండ్రిలో కౌన్సెలింగ్. మూడోసారి. అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వెయిటింగ్ రూములో ఎదురుగా రైస్ మిల్లు యజమాని ఒకాయన, మమ్మల్ని ఎరిగినవారే. "పన్ను నొప్పండి," అన్నారు. "నాకూనండి," అన్నాను. పళ్ళ డాక్టరు ఉండేది కింద అంతస్తులో.

కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి ఎక్కువగా ఇలాంటి వాళ్ళే వస్తారట — కొత్త మిషన్లు, కొత్త పద్ధతులు తెచ్చి, ఆ బరువు తామే మోయలేనివాళ్ళు. నాన్న గుండె ఆపరేషన్ తరవాత నర్సరీ నా చేతికొచ్చి ఆరు నెలలు. నిద్ర లేదు.

"వాళ్ళకి నోటితో చెప్పారా?"

"మెసేజ్ పెట్టానండి."

ఆవిడ పెన్నుకు మూత పెట్టారు.

జూలై 7, సోమవారం

మరియమ్మత్త వచ్చింది.

ఆమెది బటన్ల ఫోన్. మెసేజ్ చూడలేదని నాకు తెలుసు... పంపేటప్పుడూ తెలుసు.

క్యారేజీ మేకుకు తగిలించి, కొత్త మిషన్ పక్కనే కూర్చుని, ఎప్పటిలాగే కవర్లు నింపుతోంది. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను. కాన్వెంటు నుంచి సెలవులకు వస్తే నాకు అంటు కట్టడం నేర్పింది ఈమే. "పుస్తకం పక్కన పెట్టండి పాపగారూ, ఈ కొమ్మ పట్టుకోండి."

జూలై 8

వచ్చింది. చెప్పలేదు.

జూలై 9

షెడ్డు దాకా వెళ్ళాను.

"ఏంటండి పాపగారూ, ఇలా చిక్కిపోయారు?"

"ఏం లేదత్తా. నీళ్ళ పైపు చూద్దామని."

పైపు చూసి వచ్చాను.

జూలై 12, శనివారం

మేడమ్ ఒక ఖాళీ కుర్చీ చూపించి, అందులో మరియమ్మత్త ఉందనుకుని చెప్పమన్నారు. ఆ కుర్చీతో ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆమెకు అర్థం కాని భాషలో.

జూలై 13, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో అమ్మ చీటీ వేసింది. నాకు చెప్పలేదు. పాస్టరుగారు పైకి చదివారు — "మనసు బాగోక రాజమండ్రిలో డాక్టరుకి చూపించుకుంటున్న నర్సరీ సోదరి కోసం." మా సంఘంలో నర్సరీ ఒక్కటే. అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"పేరు రాయలేదుగదే," అంటుంది అమ్మ.

పని పోయిన పది మందిలో ఆరుగురు అక్కడే చాపల మీద ఉన్నారు. ప్రార్థన చెయ్యడానికి లేచింది మరియమ్మత్త. "ప్రభువా, మా పాపగారికి నిద్ర దయచెయ్యి తండ్రీ. చిన్న వయసు... పెద్ద బరువు..." నేను తల ఎత్తలేదు. ఆమేన్ కూడా అనలేదు.

చెప్పుల దగ్గర నన్ను ఆపింది.

"ఆ మెసేజీ శుక్రవారమే చదివి వినిపించారండి నాకు."

"మరి రోజూ ఎందుకు..."

"ముప్పై ఏళ్ళండి. మీ నోటితో అంటారేమోనని."

జూలై 14, సోమవారం

నేనే ముందు వెళ్ళి షెడ్డు తీశాను. ఆమె వచ్చింది. ఇవాళ చేతిలో క్యారేజీ లేదు.

"అత్తా," అన్నాను. గోనె జరిపి చోటిచ్చింది. కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక ఒక కవరు తీసి మట్టి నింపాను. తరవాత ఇంకొకటి.

"అంత గట్టిగా నొక్కకండి. వేరుకి ఊపిరాడదు."

తొమ్మిది కవర్లు. ఆమె ఒక్కటీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నా మొహం చూస్తోంది.

మంచినీళ్ళు తాగొస్తానని లేచి వచ్చాను. ఇది ఆఫీసులో రాస్తున్నాను. పేజీకి మట్టి అంటుతోంది. కిటికీలోంచి కనిపిస్తోంది — ఇంకా అక్కడే కూర్చుని ఉంది.