సీరియల్‌లో అన్నం తినని మనిషి

పటాన్‌చెరు,
14 జులై 2003

విఠల్‌కు మీ నానమ్మ ఆశీస్సులు.

కంపెనీకి దగ్గరని చెప్పి జిన్నారంలో గది కిరాయికి తీసుకున్నావు. కంపెనీ బస్సు మన గల్లీ ముందే ఆగుతుంది. ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పినదాన్ని, దూరాలు నాకు తెలియవా?

నువ్వు గది తీసుకోకముందు, ఆ రోజు టీవీ సీరియల్‌లో ఒకడు చేతులు తిప్పుకుంటూ, నడుము ఊపుకుంటూ వచ్చాడు. మీ బాపు, "గీడు మన విఠల్ లెక్కనే నడుస్తుండు గదనే అమ్మా" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నువ్వు చాయ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయావు.

అప్పటినుంచి ఆ సీరియల్‌ను పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తున్నాను. అందులో ఏడ్చే ఆడది మంచిది, లిప్‌స్టిక్ వేసుకున్నది చెడ్డది, మీసం తిప్పేవాడికి ఆస్తి. ఆ మనిషికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. వస్తాడు, నవ్విస్తాడు, పోతాడు. ఇల్లు లేదు, తల్లి లేదు. ఈ రెండు నెలల్లో అతను ఒక్కపూట అన్నం తిన్నట్టు కూడా చూపలేదు. రాసినవాళ్ళకు సున్నా వేశాను. నాకూ అంతే వేసుకున్నాను.

పెళ్ళి ఎందుకు వద్దంటున్నావని రెండేళ్ళు నిన్ను సతాయించాను. జవాబు తెలిసే అడిగానేమో. ఇక అడగను. మీ బాపు ఆ మాట ఎత్తితే నేను చూసుకుంటాను. ఈ వయసులో కొత్త పాఠమంటే అలసటే, అయినా తప్పదు.

ఆదివారం వంకాయ కూర చేస్తాను. నీ నడకతోనే రా. అందరి నడుమ కూర్చుని తిను, నేను వడ్డిస్తాను.

మీ నానమ్మ