షిమాన్‌స్కా గారి కోసం ప్రార్థన

ఆదివారం రాత్రి, గుణదల

జబ్బుపడ్డవారిని ఇంటిపేరుతో సహా పేరెత్తి ప్రార్థించడం మా కూటంలో అలవాటు. పోలండ్ నుంచి మా కూటానికి వచ్చిన మగ్దా అనే అమ్మాయి తల్లికి రేపు వాళ్ల దేశంలో ఆపరేషన్. “ఇంగ్లీషువాళ్లు మా ఇంటిపేరు స్పెల్లింగ్ చూసి హడలిపోతారు. మీరు చెవితో పట్టుకోండి బ్రదర్, షి-మాన్-స్కా” అని ఆటోలో నేర్పింది. నాకు వచ్చేసింది కూడా. తీరా మైకు ముందు, నోరు తిరక్కపోతే జనం నవ్వుతారని భయమేసి “పోలండ్ తల్లి” అనేశాను.

“ఏం బ్రదర్ గారూ, ఆవిడకి ఇంటిపేరు లేదా?” అంది ముందు వరసలోని సువార్తమ్మ గారు. మగ్దా తలెత్తలేదు.

దేవుడు మనల్ని పేరుపెట్టి పిలుస్తాడని అంతకుముందే వాక్యం చూపించి గర్జించినవాణ్ణి! ఇప్పుడు మోకాళ్ల మీద, ఒక్కణ్ణే, ఆ పేరు తప్పులేకుండా పలికాను. దేవుడు విన్నాడు. కూటం కాగానే రైలెక్కి వెళ్లిపోయిన ఆ పిల్ల వినలేదు...